దించని డోలీ

కొర్రా మంగ్లు కూర్చుని ఉండగా చూసినవాళ్లు రేగిపుట్టులో లేరు. అంబలి కూడా గిన్నె చేత పట్టుకుని వాకిట్లో తిరుగుతూనే తాగుతాడు. సైన్యం నుంచి వచ్చేసి పద్దెనిమిదేళ్లయినా ఆయన కాళ్లకు మాత్రం ఇంకా రిటైర్మెంటు రాలేదు. పొద్దున్నే కొండ మీది ఊరి నుంచి ఆరు కిలోమీటర్లు దిగి, రోడ్డు పక్కనున్న నా సబ్‌సెంటర్ దాకా వస్తాడు. పనేమీ ఉండదు. గుమ్మంలో నిలబడి, "ఏటి సిస్టరమ్మా, మందులొచ్చినాయా?" అని అడుగుతాడు. వచ్చాయన్నా రాలేదన్నా ఒకేలా తల ఊపి మళ్లీ కొండెక్కుతాడు.

నేను చోడవరం దగ్గరి మనిషిని. పేరు భాను. ముంచింగిపుట్టు మండలంలోని ఈ సబ్‌సెంటర్‌కి ఏఎన్‌ఎంగా వచ్చి పదహారేళ్లు. వచ్చిన కొత్తలో ఆయన తిరుగుడు చూసి ఏదో జబ్బనుకుని రక్తం పరీక్ష చేశాను. షుగర్ లేదు, బీపీ లేదు. "మరేమిటి హవల్దారు గారూ, కాలు కాలిన పిల్లిలా ఈ తిరుగుడు?" అని అడిగాను.

"కూకుంటే తోసదమ్మా" అన్నాడు. పదహారేళ్లలో అంతకంటే మంచి జవాబు నాకు రాలేదు.

మొన్న ఆగస్టులో ఆయన ఫోన్‌కి కొన్ని పేజీలు వచ్చాయి. ఆయన పనిచేసింది తుపాకీ పేల్చే పటాలంలో కాదు, దెబ్బతిన్నవాళ్లను మోసుకొచ్చి కట్లు కట్టే పటాలంలో. ఫీల్డ్ అంబులెన్స్ అంటారట. అంబులెన్స్ అంటే బండే అనుకునేదాన్ని. కాదు, డాక్టర్లు, కాంపౌండర్లు, మోసేవాళ్లు, వంటవాళ్లు అందరూ కలిసిన ఒక యూనిట్ పేరే అది అని ఆయన చెప్పాకే తెలిసింది. నంబరు రాయొద్దన్నాడు, రాయను. ఆ యూనిట్ పుట్టి అరవై ఏళ్లవుతోందని ఇప్పటి కర్నల్ గారు దాని చరిత్ర రాయిస్తున్నారు. పాతవాళ్లకు వాళ్ల వాళ్ల పేజీలు పంపి, చదివి, సరిగ్గానే ఉందని కింద సంతకం పెట్టి ఫోటో తీసి పంపమన్నారు. పేజీలన్నీ ఇంగ్లీషు. ఆయనకు హిందీ నీళ్లు తాగినట్టు వచ్చుగానీ ఇంగ్లీషు అంతంతమాత్రం. అందుకని నా దగ్గరికి తెచ్చాడు.

నేను బల్ల దగ్గర కూర్చుని చదివాను. ఆయన గది ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తూ విన్నాడు. మధ్యలో బరువు తూచే మిషన్‌ని రెండుసార్లు తన్నుకున్నాడు.

మొదట శ్రీలంక. ఎన్ని నెలలున్నారు, ఎంతమందికి వైద్యం చేశారు, ఎన్ని మంచాలు, ఎన్ని ఆపరేషన్లు, అన్నీ అంకెలే. "అంకెలు సరేగానీ, ఆ వాసన రాయనేదేటమ్మా?" అన్నాడు మంగ్లు. అక్కడే ఆయన అరవంలో మొదటి మాట నేర్చుకున్నాడట, తణ్ణి. "ఏ బాసోడైనా దెబ్బ తగిలితే ముందు అడిగేది నీళ్లే. అందుకని ఎక్కడికెళ్లినా నీళ్లని ఏటంటారో ముందు తెలుసుకునీవోణ్ణి."

తర్వాత శాంతికాలం. పుస్తకంలో దానికి నాలుగే వాక్యాలు, అందులో రెండు శుభ్రతకు వచ్చిన ట్రోఫీల గురించి. మంగ్లు పగలబడి నవ్వాడు. జనరల్ గారు తనిఖీకి వస్తున్నారంటే దారి పక్క రాళ్లకు ఒకదానికి సున్నం, ఒకదానికి ఎర్రమట్టి పూసేవారట. స్ట్రెచర్లు ఉతికి ఎండబెట్టి, తనిఖీ అయ్యేదాకా వాటి మీద రోగిని పడుకోనిచ్చేవారు కాదట. సూదులు ఉడికించే పెట్టెలో గుడ్లు ఉడికించుకున్నందుకు ఈయనకు వారం రోజులు అదనపు డ్యూటీ పడింది. చంకలో ఉల్లిపాయ పెట్టుకుని జ్వరమని వచ్చేవాళ్లను వాసన పట్టి తరిమేయడం కూడా ఆయన పనే. "యుద్ధంలో పని తక్కువమ్మా. పీస్‌లోనే నడుం ఇరిగిపోనాది."

ఆ తర్వాత గుజరాత్ భూకంపం. గుడారంలో ఆరు పురుళ్లు పోశారని పుస్తకంలో ఉంది. ఏడు అన్నాడు ఆయన. ఏడోది వంటశాల వెనక జరిగిందట, డాక్టరు గారు రాకముందే. బిడ్డను పట్టుకున్నది ఈయనే. ఆ మాట చెబుతూ రెండు చేతులూ దోసిలి చేసి చూపించాడు.

కార్గిల్ భూకంపానికి ముందుదే అయినా ఆ పేజీ చివర్లో వచ్చింది. అందులో ఆయన పేరుంది. నేను ఉత్సాహంగా, మాట మాటకీ తెలుగు చేస్తూ చదివాను. పంతొమ్మిది వందల తొంభై తొమ్మిది జూన్‌లో, ఫిరంగి గుండ్లు పడుతుండగా, తొడలో గాయమైన లాన్స్ నాయక్ కేసర్ సింగ్‌ని అంబులెన్స్ అసిస్టెంట్ మంగ్లు, ముగ్గురు తోటివారితో కలిసి, మంచుకొండ మీద నుంచి నాలుగు గంటలపాటు ఒక్కసారి కూడా నేలకు దించకుండా మోసుకొచ్చాడు. కేసర్ సింగ్ వైద్య శిబిరంలో గాయాలతో కన్నుమూశాడు. మంగ్లు పట్టుదలకు ప్రశంసాపత్రం లభించింది.

తలెత్తి చూస్తే మనిషి లేడు. వరండాలో గోడకేసి తిరిగి నిలబడి ఉన్నాడు.

"సంతకం పెట్టండి హవల్దారు గారూ, ఫోటో తీస్తాను."

"రేపు సూద్దుము" అని వర్షంలోనే కొండెక్కాడు.

రేపన్నది వారమైంది. రోజుకు రెండుసార్లు దిగాడు. యూనిట్ నుంచి ఒక సుబేదారు గారు నా ఫోన్‌కే చేయడం మొదలుపెట్టారు, శనివారంలోపు రాకపోతే ప్రెస్‌కి పోతుందని. పెన్ను చేతిలో పెడితే మంగ్లు ఆ పెన్నుతో చెవి గోక్కుని తిరిగి ఇచ్చేవాడు. నాకు ఒళ్లు మండేది. ఎంత వినయమైనా దానికీ ఒక హద్దుండాలి కదా అనుకున్నాను. అది వినయం కాదని అప్పటికి నాకేం తెలుసు?

పైగా ఆ నాలుగు గంటల సంగతి ఊళ్లో అందరూ పొగిడేదే. మంగ్లు తమ్ముడు బతికున్నన్నాళ్లూ ప్రతి పండగలోనూ చెప్పేవాడు. ఊరి కుర్రాళ్లకు అదొక కొలబద్ద. ఎందుకంటే రేగిపుట్టుకు జీపు రాదు. జబ్బుపడినవాళ్లను దించాలంటే డోలీయే. గట్టి వెదురు బొంగుకు దుప్పటిని ఊయలలా కట్టి, మనిషిని అందులో పడుకోబెట్టి, ముందొకరు వెనకొకరు భుజాన వేసుకుంటారు. అలసిపోతే మనుషులు మారతారు. మరీ ఆయాసమొస్తే పంగకర్రల మీద బొంగు ఆనించి, డోలీ గాల్లో వేలాడుతుండగానే ఊపిరి తీసుకుంటారు. నేలకు మాత్రం దించరు. ఈ ఊరివాళ్లు తోవ మధ్యలో దించేది శవాన్ని ఒక్కదాన్నే. మా చోడవరం వైపు కూడా పాడెను దారిలో దించి చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. దింపుడు కళ్లం ఆశ అనే మాట అక్కడిదే. మాకది చావు పద్ధతి, అంతటితో సరి. వీళ్లకు బతికున్నవాళ్ల విషయంలోనూ పట్టింపే. ఊపిరున్న మనిషిని తోవలో దించితే చావుకు చోటు చూపించినట్టట.

శుక్రవారం ఉదయం ఫల్గుణ ఫోన్ చేశాడు. మంగ్లు తమ్ముడి కొడుకు. "సిస్టరమ్మా, బేబికి నొప్పులొచ్చీసినాయి. బేగి రాండి."

బేబి అతని భార్య, ఇరవై రెండేళ్ల పిల్ల. వారం ముందే కిందకు వచ్చి ఉండమని నేను నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. చోడి చేలో కలుపు అయ్యాక వస్తామన్నారు. కలుపూ అవలేదు, వాళ్లూ రాలేదు. సంచి తగిలించుకుని కొండెక్కేసరికి ఆడపిల్ల పుట్టేసింది. బేబి అత్త ముత్యాలమ్మ బిడ్డను తుడుస్తోంది. మాయ కూడా పడింది. కానీ రక్తం పోవలసిన దానికంటే ఎక్కువ పోతోంది. ఇంజెక్షన్ ఇచ్చాను, కాస్త తగ్గింది. తగ్గిందిగానీ నా మనసు ఒప్పుకోలేదు. రోడ్డు మీదకు 108 రమ్మని చెప్పి, డోలీ కట్టించాను.

ముందు ఫల్గుణ, వెనక అతని స్నేహితుడు గంగరాజు. మార్చుకోవడానికి మరో ఇద్దరు. బిడ్డను గుండెకు కట్టుకుని ముత్యాలమ్మ, డోలీ పక్కన నేను. మంగ్లు ఒకసారి ముందుకు పోయి దారి చూసేవాడు, ఒకసారి వెనక్కి వచ్చి బొంగు చూసేవాడు. సన్నగా జల్లు పడుతోంది. కుర్రాళ్లు బాగా నడిచారు, తోవలో కాలు జారినవాడు లేడు.

గెడ్డ నీళ్లు దాటాక బేబి ఆవలించింది. నేను చూశాను. కొద్దిసేపటికి మళ్లీ ఆవలించింది. నిద్ర ఆవలింత వేరు, ఒంట్లో రక్తం తగ్గినప్పుడు వచ్చే ఆవలింత వేరు. పెదవులు పాలిపోయాయి.

"నీళ్లు" అంది.

"ఆగండి. కిందకు దించండి, చూడాలి" అన్నాను.

వాళ్లు ఆగి పంగకర్రలు ఆనించారు. దించలేదు. ఊయలలో మనిషి వలలో చేపలా ముడుచుకుపోయి ఉంది, పొట్ట చేతికి అందడం లేదు. దుప్పటి కిందకు చెయ్యి పోనిస్తే మణికట్టు దాకా వెచ్చగా తడి.

"ఫల్గుణా, రక్తం ఆగలేదు. పడుకోబెట్టి కడుపు మర్దన చెయ్యాలి. దించు."

"తోవలో దించకూడదమ్మా. గంటలో రోడ్డుకి దిగిపోతాము."

"గంట ఉండదురా ఈ పిల్ల."

ముత్యాలమ్మ నా చెయ్యి పట్టుకుంది. "నీకు దండం పెడతాను సిస్టరమ్మా, ఆ మాటనకు. దించితే పోద్ది."

"దించకపోతే పోతుంది" అని అరిచాను. నా అరుపుకు బిడ్డ లేచి ఏడ్చింది. కుర్రాళ్లు కదల్లేదు. పదహారేళ్లు ఇక్కడి నీళ్లు తాగినా ఆ క్షణంలో నేను చోడవరం మనిషినే. ఫల్గుణ కళ్ల నిండా నీళ్లున్నాయి, కానీ బొంగు మీద పట్టు సడల్లేదు.

"మా పెద్దయ్య నాలుగు గంటలు దించనేదు. మాము గంట మొయ్యలేమా?" అన్నాడు.

అందరూ మంగ్లు వైపు చూశారు. ఆయన కదలకుండా నిలబడి ఉన్నాడు. అప్పుడు దుప్పటిలోంచి బేబి గొంతు వచ్చింది.

"మావా, దించీ."

మంగ్లు మొహం చూసి నాకు భయం వేసింది. ఆయన మమ్మల్ని చూడటం లేదు.

"దించండ్రా" అన్నాడు.

"పెద్దయ్యా, నువ్వే..."

"ఆడు సచ్చిపోనాడు. నాను నాలుగు గంటలు మోసినోడు." గొంతు పెంచలేదు, సంతలో బేరం చెప్పినంత మామూలుగా అన్నాడు. "ఉతార్ దో భాయీ అన్నాడు. దించీ అని. మూడుసార్లు అన్నాడు. తోటోళ్లు కూడా దించుదుమన్నారు. నాను వద్దన్నాను. తోవలో దించితే ఏటవుతాదో మన ఊరోడికి తెలుసుగానీ ఆళ్లకేటి తెలుసు అనుకున్నాను. అరగంటకోపాలి దించి కట్టు సూడాలని మాకు రూలు. నాను సూడనేదు. కట్టు జారిపోనాది. కిందకొచ్చి దించేసరికి దుప్పట్లో రగతం గడ్డకట్టీసి ఉన్నాది. ఎప్పుడు పోనాడో కూడా నాకు తెలీదు. నాను సచ్చినోణ్ణి మోసుకొచ్చినానురా. దానికి నాకు కాగితం ఇచ్చినారు."

మంగ్లు తన గొంగడి తీసి రాతిబండ మీద పరిచాడు. ఫల్గుణ భుజం కింద తన భుజం దూర్చి, బొంగు బరువు తన మీదకు తీసుకుని, మోకాళ్లు వంచాడు. పెద్దయ్యే వంగాక ఫల్గుణ మాత్రం ఎంతసేపు నిలుస్తాడు? అతనూ, వెనక గంగరాజూ వంగారు. డోలీ నేలను తాకింది. ముత్యాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని అటు తిరిగిపోయింది.

దుప్పటి విప్పితే లోపలి గుడ్డలన్నీ ఎర్రగా ఉన్నాయి. పొట్ట మీద చెయ్యి వేస్తే గర్భసంచి నానిన పిండిలా మెత్తగా ఉంది, అది గట్టిపడితేనే రక్తం ఆగేది. మర్దన మొదలుపెట్టాను. ఇంకో ఇంజెక్షన్ ఇచ్చాను. మంగ్లుని బొడ్డుకు కాస్త పైన పిడికిలి పెట్టి లోపలి పెద్ద రక్తనాళం మూసుకునేట్టు అదమమన్నాను. ఎక్కడో చూపించబోతే అప్పటికే సరైన చోట పెట్టేశాడు. ఫల్గుణ పెళ్లాం కాళ్లు ఎత్తి తన ఒడిలో పెట్టుకున్నాడు.

బేబి కళ్లు మూతలు పడుతున్నాయి. "బేబీ" అని పిలిచాను. పలకలేదు. "బేబీ" అని ఇంకా గట్టిగా పిలిచాను. మళ్లీ నోరు తెరిచేలోపు ముత్యాలమ్మ వచ్చి నా నోరు మూసేసింది.

"మూడోపాలి పేరెట్టి పిలవకు సిస్టరమ్మా. ఆ ఒక్కటీ వద్దు."

అక్కడ వాదనేంటి? "ఓ గుంటా, కళ్లు తెరు. నీ కూతురు ఆకలికి ఏడుస్తోంది" అన్నాను. పిల్ల కళ్లు తెరిచింది.

పావుగంట పట్టిందేమో. నా అరచేతి కింద గర్భసంచి నెమ్మదిగా బిగుసుకుని, చివరకు బంతిలా గట్టిపడింది. రక్తం తగ్గింది. మంగ్లు పిడికిలి తీయడానికి మాత్రం ఒప్పుకోలేదు. తీయమని నేను రెండుసార్లు చెప్పాక తీశాడు. వేళ్లు విప్పుకోలేకపోయాడు.

రోడ్డు చేరేలోపు ఇంకో మూడుసార్లు దించాం. మూడుసార్లూ మంగ్లే బండలు ఎంచాడు. ఆస్పత్రిలో రెండు సీసాల రక్తం ఎక్కించారు. ఐదోరోజున బేబి కూతుర్ని ఎత్తుకుని ఇంటికొచ్చింది. ఆ మర్నాడే ముత్యాలమ్మ మొదటిసారి దించిన రాతి దగ్గర కోడిని కోసింది. కోడలు బతికినందుకా, మంగ్లు బావ కట్టుబాటు తప్పినందుకా అని అడిగితే, "రెండిటికీను" అంది.

డోలీ దించిన మర్నాడే, శనివారం పొద్దున్నే మంగ్లు వచ్చాడు. "రాయమ్మా" అన్నాడు. డోలీ పక్కన చెప్పిందే మళ్లీ చెప్పాడు, నేను పేజీ కింద ఇంగ్లీషులో రాశాను, ఆయన సంతకం పెట్టాడు. పంపిన పది నిమిషాలకు సుబేదారు గారి ఫోన్. మంచాయన, మెత్తగానే మాట్లాడారు. పాతికేళ్ల కిందటి మాట ఇప్పుడెందుకు, కావాలంటే నేలకు దించకుండా అన్న మాట తీసేస్తాం, మిగతాది చరిత్రలో పెట్టలేం అన్నారు. వేడుకకు కేసర్ సింగ్ కూతురిని కూడా పిలిచాం, ఆమె ఇది చదివి ఏమైపోతుంది అన్నారు.

"ఆ అమ్మాయి నంబరీండి సాబ్" అన్నాడు మంగ్లు హిందీలో. ఆయన ఇవ్వనన్నారు. మంగ్లు మర్నాడు మళ్లీ చేయించాడు, ఆ మర్నాడు మళ్లీ. నాలుగోరోజు ఆ మహానుభావుడు విసిగిపోయి ఇచ్చేశారు.

ఆమెకు హిందీలో పంపాం. ఆయన చెప్పాడు, నేను కొట్టాను. చివర్న ఒక మాట చేర్చమన్నాడు. "దించినా బతికేవాడు కాదేమో, నాకు తెలియదు. అది తెలుసుకునే వీలు లేకుండా నేనే చేశాను."

పంపిన కొద్దిసేపటికి రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు.

ఇక మొదలైంది. రోజుకు మూడుసార్లు దిగేవాడు. "సూడమ్మా" అనేవాడు. చూసేదాన్ని. లేదనేదాన్ని. వరండాలో తిరిగి తిరిగి నా పూలకుండీలు రెండు పగలగొట్టాడు. తిట్టాలనిపించేది, కానీ మొహం చూస్తే నోరు వచ్చేది కాదు. నాకే రాత్రిళ్లు నిద్ర పట్టడం మానేసింది. ఆ పిల్ల తిడితే బాగుండు, ఏదో ఒకటి అంటే బాగుండు అని దేవుళ్లకు దండం పెట్టుకున్నాను.

తొమ్మిదో రోజు, టీకాలు వేస్తుండగా ఫోన్ మోగింది. ఆమే. నా చేతిలో ఎవరి బిడ్డో ఉంది, అందుకని స్పీకర్ పెట్టాను. మంగ్లు గుమ్మంలో బిగుసుకుపోయాడు.

ఆ అమ్మాయి గొంతు బొంగురుగా ఉంది. తనకు అప్పుడు మూడేళ్లట. గుండు తగలగానే, ఒక్క మాట కూడా లేకుండా నాన్న పోయాడని తమకు చెప్పారట. అమ్మ కూడా అదే నమ్ముతూ బతుకుతోందట. మీ మెసేజ్ చదివి మొదట చాలా కోపం వచ్చింది అంకుల్, ఇప్పటికీ ఉంది అంది. అవతల ఏదో కుక్కర్ కూత వినిపించింది.

"మరి నాన్న మాట్లాడాడన్నమాట" అంది. "ఆ నాలుగు గంటల్లో ఇంకేమైనా అన్నాడా?"

మంగ్లు నా బల్ల మీది ఫోన్ అందుకుని చెవికి పెట్టుకున్నాడు. వరండాలోకి నడిచాడు. ఇటు రెండడుగులు, అటు రెండడుగులు వేశాడు. తర్వాత, టీకాలకు వచ్చిన తల్లులందరూ చూస్తుండగా, మెట్టు మీద కూర్చుని, "అన్నాడమ్మా" అని హిందీలో మొదలుపెట్టాడు.